ఆకాశమున శబ్దవేధి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



రజతోత్సవ దినమున పురాణమో ప్రబంధమో విందమని వచ్చినవారికి నేటి విషయము కొంత వింతగా తోపవచ్చును. ఆకాశమున ఎచ్చటనో, కోట్ల సంవత్సరముల క్రిందట, రెండు మృతతారలు ఒకదాని నొకటి చుట్టి చుట్టి కలిసిపోయినవి. ఆ కలయికవలన పుట్టిన అల భూమిని తాకి వెళ్లినది. అది ఏ దిక్కునుండి వచ్చెనో కనుగొనుట యెట్లు? ఇదియే విషయము. తిమ్మాజిపేటకును దీనికిని సంబంధమేమని ఎవరైన అడుగవచ్చును. సంబంధము కలదు, అది చివరకు తెలియగలదు. పురాణము కోరి వచ్చినవారిని నిరాశపరుపక, మొదట పురాణముతోనే ప్రారంభింతము.

రామాయణమున దశరథుడు తన పూర్వపాపమును కౌసల్యకు చెప్పుకొనిన ఘట్టము అందరు నెరిగినదే. యౌవనమున ఆ రాజు శబ్దవేధి యని పేరుపొందెను. కంటికి కనబడని గురిని చెవికి వినబడిన చప్పుడునుబట్టి కొట్టుట ఆ విద్య. వర్షాకాలపు చీకటిలో సరయూ తీరమున నీటి చప్పుడు వినబడెను. ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి రాజు బాణము విడిచెను. గురి తప్పలేదు. కాని అచ్చట నున్నది ఏనుగు కాదు; తల్లిదండ్రులకై కడవ ముంచుచున్న మునికుమారుడు. రాజునకు దిక్కు తెలిసినది, వస్తువు తెలియలేదు. ఏనుగు చప్పుడు మాత్రమే మనస్సున నుంచుకొని వినుటచేత, నీటిలోని ప్రతి చప్పుడును అతనికి ఏనుగే అయినది.

కావున చీకటిలో వినువానికి రెండు ప్రశ్నలు కలవు. చప్పుడు ఎక్కడిది? చప్పుడు దేనిది? ఈ రెండును వేరు వేరు ప్రశ్నలవలె తోచును గాని, ఒకదానికి తప్పు చెప్పినవాడు రెండవదానియందును తప్పు చేయగలడు. నేటి ఖగోళ శాస్త్రజ్ఞులు ఈ రెండు ప్రశ్నలతోనే కుస్తీ పట్టుచున్నారు.

ముందు ఆ అల యెట్టిదో చెప్పవలెను. బరువుగల వస్తువు తన చుట్టునున్న దేశమును, అనగా ఖాళీ స్థలమునే, వంచునని ఐన్‌స్టైన్ పండితుడు 1915లో చెప్పెను. బరువైన రెండు వస్తువులు వేగముగా తిరిగినచో ఆ వంపు అలలుగా బయలుదేరి కాంతి వేగముతో వ్యాపించునని 1916లో గణించెను. ఇవియే గురుత్వ తరంగములు. ఆ అల మనలను దాటునప్పుడు స్థలము ఒక వైపు సాగును, అడ్డముగా కుదించుకొనును. మరుక్షణమున అది తలక్రిందులగును. ఐతే ఆ సాగుట ఎంత స్వల్పమో చెప్పిన నమ్మశక్యము కాదు. నాలుగు కిలోమీటర్ల పొడవున మార్పు, పరమాణు గర్భమందలి ప్రోటాను వెడల్పులో వందవ వంతునకు కూడ చాలదు. తాను ఊహించిన అలను మానవుడు పట్టగలుగుటకు నూరేండ్లు పట్టినది.

అట్లు పట్టిన యంత్రమునకు లైగో అని పేరు. అమెరికా దేశమున హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ అను రెండు చోట్ల, ఒకదానికొకటి సుమారు 3000 కిలోమీటర్ల దూరమున, రెండు యంత్రములు కలవు. ఒక్కొక్కటియు మూలమట్టము ఆకారమున రెండు గొట్టములు. ప్రతి గొట్టమును 4 కిలోమీటర్లు. లోపల గాలి తీసివేసి, లేసరు కాంతిని పంపి, చివరి అద్దములనుండి తిరిగివచ్చిన కిరణములను పోల్చి చూచుదురు. 2015 సెప్టెంబరు 14న మొదటి అల చిక్కినది. 36, 29 సూర్యుల బరువుగల రెండు కృష్ణబిలములు కలిసి 62 సూర్యుల బరువుగల ఒక్క బిలమైనది. తగ్గిన మూడు సూర్యుల బరువు అలలుగా మారి, 130 కోట్ల సంవత్సరములు ప్రయాణించి, ఆ దినమున ఇచ్చటికి చేరినది.

ఇచ్చట ఒక భేదము గుర్తింపవలెను. దూరదర్శిని కన్నువంటిది, త్రిప్పిన వైపే చూచును. ఈ యంత్రము చెవివంటిది. దాదాపు అన్ని దిక్కుల చప్పుడును వినును, కాని ఒంటి చెవితో విన్నచో దిక్కు చెప్పజాలదు. గుడ్లగూబ కారుచీకటిలో ఎలుకను పట్టునది రెండు చెవులుండుటచేతనే. చప్పుడు ఒక చెవికి ముందు, రెండవ చెవికి వెనుక చేరును. ఆ స్వల్పమైన తేడాయే దానికి దారి చూపును. 2015 నాటి అల లివింగ్‌స్టన్‌కు ముందు తాకినది. హాన్‌ఫర్డ్‌కు సుమారు 7 మిల్లీసెకనుల తరువాత, అనగా సెకనులో వెయ్యవ వంతులు ఏడు గడిచిన తరువాత, తాకినది. రెప్పపాటులో అది పదియవ వంతైనను కాదు.

ఆ ఏడు మిల్లీసెకనులనుండి దిక్కు ఎట్లు వచ్చును? రెండు యంత్రములను కలుపు గీత వెంబడి కాంతి పోవుటకు 10 మిల్లీసెకనులు పట్టును. అల ఆ గీత వెంబడియే వచ్చినచో తేడా 10 కావలెను. సరిగా ప్రక్కనుండి వచ్చినచో రెండింటిని ఒకేసారి తాకి తేడా సున్న కావలెను. ఏడు వచ్చినది గనుక, అల ఆ గీతతో సుమారు 46 డిగ్రీల కోణము చేయు దిక్కునుండి వచ్చినదని తేలును. కాని అట్టి దిక్కు ఒక్కటి కాదు. విప్పిన గొడుగు కఱ్ఱను ఆ గీత అనుకొనిన, గొడుగు అంచు చుట్టునున్న ప్రతి బిందువును కఱ్ఱతో అదే కోణము చేయును. కావున రెండు చెవులు ఆకాశమున ఒక వలయమును మాత్రమే చూపును. అల బలమును, పోకడను పోల్చి ఆ వలయమున ఒక ముక్కను ఏరుకొనిరి. ఐనను మిగిలినది 600 చదరపు డిగ్రీలు. మూడు వేల పూర్ణచంద్రులను ప్రక్కప్రక్కన పరచిన విస్తీర్ణము. అంత చోట ఏ నక్షత్రవీధిలో ఆ పెండ్లి జరిగెనో చెప్ప నెవరితరము?

పొలము కొలతలు చూచినవారికి ఇది క్రొత్త చిక్కు కాదు. హద్దురాయి పోయినదని తగవు వచ్చినప్పుడు నక్షా తీసి, మిగిలిన రాళ్లనుండి గొలుసుతో కొలుతురు. ఒక్క రాతినుండి కొలిచిన, పోయిన రాయి ఒక చుట్టుగీత మీద ఎచ్చటనైన ఉండవచ్చును. రెండు రాళ్లనుండి కొలిచిన, ఆ రెండు చుట్టుగీతలు రెండు చోట్ల కలియును. ఒకటి ఈ రైతు చేనులో, మఱియొకటి ఆ రైతు చేనులో. మూడవ రాతినుండి కొలిచిననే గాని తగవు తీరదు. 1802లో లాంబ్టన్ దొర మద్రాసు వద్ద గొలుసు పరచి మొదలిడిన మహా త్రికోణ సర్వే 78వ రేఖాంశపు చెంత ఉత్తరముగా సాగుచు ఈ ప్రాంతము మీదుగనే పోయినది. ఆ నాడు నేలకు చేసిన పనియే నేడు ఆకాశమునకు చేయుచున్నారు. నేలమీద గొలుసు, ఆకాశమున గడియారము, అంతియే భేదము.

మూడవ రాయి 2017 ఆగస్టు 1న దొరకినది. ఇటలీ దేశమున పీసా నగరము చెంతనున్న వర్గో అను యంత్రము ఆ దినమున లైగోతో కలిసి వినసాగెను. పదునేడవ తేదీ, మన గడియారము ప్రకారము సాయంకాలము 6 గంటల 11 నిమిషములకు, ఇచ్చట పశువులు ఇల్లు చేరు వేళ, ఒక అల తాకినది. సుమారు నూరు సెకనులు వినబడినది. ఇవి కృష్ణబిలములు కావు. రెండు న్యూట్రాను తారలు. 1.7 సెకనుల తరువాత ఆకాశమందలి ఫెర్మీ ఉపగ్రహము గామా కిరణముల మెఱుపును చూచినది.

ఇందొక చిత్రము జరిగినది. అమెరికా యంత్రములు రెండును స్పష్టముగా వినినవి. వర్గోకు మాత్రము దాదాపు వినబడలేదు. ప్రతి యంత్రమునకును చెవి ఆనని దిక్కులు కొన్ని యుండును. వర్గో మేలుకొనియే యున్నది గనుక, అల దానికి ఆనని దిక్కుననే పుట్టి యుండవలెను. వినబడకపోవుటయే సాక్ష్యమైనది! ఊరి తగవులలో సైతము మాటలాడని సాక్షి ఎచ్చట నిలిచి యుండెనో తెలిసిన, అతని మౌనమే చాలా సంగతులు చెప్పును. గాలింపవలసిన చోటు 28 చదరపు డిగ్రీలకు తగ్గినది. చిలీ దేశమున చీకటి పడగానే జ్యోతిష్కులు ఆ ప్రాంతమందలి నక్షత్రవీధుల జాబితా చేతబట్టి, జనాభా లెక్కలవారు ఇల్లిల్లు తిరిగినట్లు, ఒక్కొక్కదానిని చూచుచు పోయిరి. అల తాకిన 11 గంటలకు, 13 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున, ఎన్.జి.సి. 4993 అను నక్షత్రవీధిలో, మునుపు లేని క్రొత్త చుక్క కనబడినది. దాని కాంతి కొన్ని దినములలో నీలమునుండి ఎఱుపునకు తిరిగి ఆరిపోయినది.

ఆ వెలుగును విడదీసి చూడగా బరువైన మూలకములు అచ్చట పుట్టినవని తేలినది. స్ట్రాన్షియము అను మూలకపు గుర్తు అందున్నదని 2019లో ప్రకటించిరి. లోకమందలి బంగారమున గొప్ప భాగము ఇట్టి కలయికలయందు పుట్టి యుండునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. గురివింద గింజతో తూచి కొన్న తాళిబొట్టు బంగారమునకు పుట్టినిల్లు ఏదని అడిగిన, ఏ గని పేరో చెప్పి ఊరకుండుట ఇక చాలదు. చోటు తెలియుటచేతనే ఈ జ్ఞానము కలిగినది. దిక్కు తెలియనిచో ఆ అల ఒక చప్పుడుగానే మిగిలిపోయెడిది.

ఆ చోటును చూడగోరువారు చైత్ర పూర్ణిమ నాటి రాత్రి చంద్రుని చెంతనుండు చిత్త నక్షత్రమును గుర్తింపవలెను. దానికి దక్షిణముగా, కొంచెము పడమరకు, సుమారు 13 డిగ్రీల దూరమున ఆ నక్షత్రవీధి కలదు. కంటికి కనబడదు గాని చోటు మాత్రము అదియే. ఆ చోటునకును హైదరాబాదునకును పాత పరిచయము కలదు. 1901లో నవాబు జఫర్ జంగు పూనికతో వెలసిన నిజామియా వేధశాల, ప్రపంచ దేశములు కలిసి తలపెట్టిన ఆకాశ పట నిర్మాణమున పాలుపంచుకొని, దక్షిణమున 17 మొదలు 23 డిగ్రీల పట్టీని తన వంతుగా స్వీకరించినది. బేగంపేటలో ఏండ్ల తరబడి గాజు పలకలపై చుక్కలను ముద్రించి, ఒక్కొక్కదానిని కొలిచి, లక్షల నక్షత్రముల స్థానములను గ్రంథస్థము చేసిరి. 2017 నాటి వెలుగు పుట్టినచోటు ఆ పట్టీ అంచుననే కలదు. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినదియు ఆ 1901లోనే. ఒకే ఏట ఆ నగరమున తెలుగు చదువుటకొక ఇల్లు, ఆకాశము చదువుటకొక ఇల్లు ఏర్పడినవి.

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. చప్పుడు దేనిది? ఇచ్చట ఉత్కేంద్రత అను మాటను వివరింపవలెను. పంచాంగము చూచువారికి దీని జాడ తెలియును. సూర్యుడు మిథున రాశిలో 31 దినములకు మించి యుండును. ధనూరాశిని 29 దినములకు కొంచెము మించిన కాలమున దాటును. రాశులన్నియు సమానమైనను ఈ భేదమేల? భూమి నడచు దారి సరియైన గుండ్రము కాదు. ఒకించుక సాగిన దీర్ఘవృత్తము. సూర్యునికి చేరువైనప్పుడు వేగముగాను, దూరమైనప్పుడు మెల్లగాను నడచును. దూరపు కొననే మన సిద్ధాంతకారులు మందోచ్చమనిరి. అందుకు చేయు దిద్దుబాటే మంద సంస్కారము. ఆ సాగిన పాటికి ఉత్కేంద్రత యని పేరు. సరియైన వృత్తమునకు అది 0. భూమి దారికి 0.017. హేలీ తోకచుక్కకు 0.967, అది 76 ఏండ్ల కొకమారు గాని ఇటు తొంగిచూడదు.

జంటతారలకు సైతము ఈ గుణము కలదు. 1974లో హల్స్, టేలర్ అను వారు కనుగొనిన జంట న్యూట్రాను తారల దారికి ఉత్కేంద్రత 0.617. అవి 7 గంటల 45 నిమిషములకు ఒకమారు చుట్టుకొనుచు, అలలను వెదజల్లుచు, ఏటేట కొంచెము కొంచెముగా దగ్గరగుచున్నవి. ఆ దగ్గరపాటు ఐన్‌స్టైన్ లెక్కకు సరిపోయినది. ఆ జంటను కనుగొనినందుకు వారికి 1993లో నోబెల్ బహుమతి లభించినది.

పీటర్స్ అను శాస్త్రజ్ఞుడు 1964లో ఒక ముఖ్యమైన సంగతి గణించెను. సాగిన దారిలో తిరుగు జంట, దగ్గరికి వచ్చినప్పుడే ఎక్కువ అలలను పోగొట్టుకొనును. అందువలన దూరపు కొన క్రమముగా లోనికి ముడుచుకొని, దారి గుండ్రమగుచు వచ్చును. కాబట్టి ఒంటరిగా పుట్టి ఒంటరిగా ముసలియైన జంట, కలియబోవు వేళకు దాదాపు గుండ్రని దారిలోనే యుండును. అట్లుగాక కడపటి చుట్లలో సైతము దారి సాగియున్నచో, దానికి వేరొక కథ యుండవలెను. లక్షల తారలు క్రిక్కిరిసిన గుంపులో, సంతలో జనము తోసుకొన్నట్లు, మూడవ తార ఒకటి వచ్చి ఆ రెండింటిని హఠాత్తుగా దగ్గరకు నెట్టియుండవచ్చును. ఉత్కేంద్రత ఆ జంటకు పుట్టుమచ్చ వంటిది. పుట్టిన ఇంటిని చెప్పును.

ఈ పుట్టుమచ్చ అల రూపమున వినబడును. గుండ్రని దారిలోని జంట, శ్రుతి పట్టిన నాదమువలె, ఒకే స్వరమును మెల్లగా హెచ్చించుకొనుచు పోవును. చివర పిట్టకూత వలె పైకెగసి ఆగును. సాగిన దారిలోని జంట దగ్గరికి వచ్చిన ప్రతిమారును మద్దెల దెబ్బవలె ఒక్కసారి మ్రోగును, దూరమైనప్పుడు సద్దుమణుగును. దెబ్బకు దెబ్బకు నడిమి ఎడము తగ్గుచు వచ్చును. ఒక్కొక్క దెబ్బలో అనేక స్వరములు కలిసియుండును.

ఇప్పుడు మొదటి ప్రశ్నయు రెండవ ప్రశ్నయు ఒకచోట కలియుచున్నవి. దూరమున ఎవరో శ్రుతి పట్టిన నాదము ఏ క్షణమున చెవికి చేరెనో ఖచ్చితముగా చెప్పుట కష్టము. మద్దెల దెబ్బ చేరిన క్షణమును చెప్పుట సులభము. ఎన్ని స్వరములు విస్తారముగా కలిసి యుండునో, చేరిన క్షణము అంత నిక్కచ్చిగా తెలియును. చేరిన క్షణము నిక్కచ్చియైన, యంత్రముల నడిమి తేడా నిక్కచ్చి యగును. తేడా నిక్కచ్చియైన, ఆకాశమందలి వలయము సన్నబడును. అనగా దారి సాగియున్న జంటల చోటు కనుగొనుట కొంత సులభము. 2017లో వెలువడిన ఒక గణనమున, నూరు సూర్యుల బరువుగల జంటకు ఉత్కేంద్రత 0.4 ఉన్నచో, చోటు సుమారు రెండింతలు మెఱుగుగా తెలియునని తేలినది. ఐతే ఈ లాభము బరువైన జంటలకే ఎక్కువ. తేలిక జంటలు చాల సేపు మ్రోగుచు, తమంతట తామే అనేక స్వరములను చుట్టివచ్చును గనుక వాటికి లాభము స్వల్పము.

కాని లాభము పొందవలెనన్న ఆ దెబ్బను దెబ్బగా గుర్తింపవలెను. యంత్రమున ఎల్లప్పుడును రొద యుండును. గాలి, భూకంపము, సముద్రపు అలలు, లారీల అదురు, అన్నియు అందు వినబడును. హాన్‌ఫర్డ్‌లో చల్లని గొట్టముపై పేరిన మంచును కాకులు పొడిచిన చప్పుడు సైతము దస్త్రమునకెక్కినది. ఆ రొదనుండి అలను వేరుచేయుటకు, ముందుగా గణించిన అలల అచ్చులను ప్రక్కన బెట్టి పోల్చుదురు. ఆ అచ్చులలో చాలభాగము గుండ్రని దారులకు వ్రాసినవి. సాగిన దారి అల వచ్చినచో ఆ అచ్చులు దానిని సరిగా పట్టలేకపోవచ్చును. పట్టినను దానికి తప్పు బరువు, తప్పు పేరు పెట్టవచ్చును. ఏనుగు చప్పుడు మాత్రమే యెరిగినవానికి కడవ చప్పుడు ఏనుగైనట్లే!

ఇది ఊరక భయపడుట కాదు. 2019 మే 21న చిక్కిన అల సెకనులో పదియవ వంతు మాత్రమే వినబడినది. 85, 66 సూర్యుల బరువుగల బిలములు కలిసినవని లెక్క కట్టిరి. అవి గుండ్రని దారిలో బొంగరమువలె తలలూపుచు తిరిగినవని కొందరు, మిక్కిలి సాగిన దారిలో వచ్చి కలిసినవని కొందరు వాదించిరి. అంత కొద్ది చప్పుడులో రెండు కథలును ఇమిడినవి. కొన్ని వారములకు ఒక దూరపు నక్షత్రవీధి నడుమ వెలుగు కనబడగా, అది ఆ కలయిక వెలుగే కావచ్చునని 2020లో ఒక బృందము ప్రకటించెను. కాని ఆ అల చోటు వందల చదరపు డిగ్రీలు పరచుకొని యున్నది. అంత విశాలమున వేరొక కారణముచే వెలిగిన దీపము ఒకటి యుండుటలో వింత లేదు. తగవు తీరలేదు.

2020 జనవరి 5న న్యూట్రాను తారను కృష్ణబిలము కలుపుకొనిన అల చిక్కినది. ఆ సమయమున హాన్‌ఫర్డ్ యంత్రము పనిచేయుచుండలేదు. వర్గోకు చాల మందముగా వినబడినది. లివింగ్‌స్టన్ ఒక్కటియే గట్టిగా వినినది. అందుచేత చోటు 7000 చదరపు డిగ్రీలకు మించినది. అనగా ఆకాశమంతటిలో దాదాపు ఆరవ వంతు. ఐదేండ్ల తరువాత, 2025లో, సాగిన దారుల అచ్చులతో ఆ అలను మరల పోల్చి చూడగా దాని దారి గుండ్రము కాదనుటకు గుర్తులు కనబడినవి. అట్టి అరుదైన జంట ఎచ్చట పుట్టెనో, ఏ గుంపున పెరిగెనో చూడవలెనని ఎవరికి నుండదు? కాని చూచుటకు చోటు తెలియదు. సాక్షి ఒక్కడే, వాని మాటను బలపరచుటకు రెండవవాడు లేడు. 2025 నాటికి సుమారు 300 అలలు లెక్కకెక్కినవి. వెలుగుతో సహా చోటు నిస్సందేహముగా తెలిసినది 2017 నాటి ఒక్కటియే. కృష్ణబిలముల జంటలు వెలుగు చిమ్మవు గనుక వాటికి అల చూపిన చోటు తప్ప వేరు ఆధారమే లేదు.

కావున మరికొన్ని చెవులు కావలెను. అవి ఒకదానికొకటి దూరముగా నుండవలెను. దగ్గరనున్న ఇద్దరు సాక్షులు ఒకే కోణమునుండి చూచుదురు. జపాను దేశమున పర్వతగర్భమందు నిర్మించిన కాగ్రా యంత్రము 2020లో పని ప్రారంభించినది. దాని వినికిడి ఇంకను బలపడవలసి యున్నది. అమెరికాకు భూగోళపు అవతలి ప్రక్కనున్న దేశము మనది. ఇచ్చట యంత్రము వెలసిన, అల చేరు కాలముల తేడా 10 మిల్లీసెకనులు కాదు, 40కి దగ్గరగా పోగలదు. కొలత గొలుసు నాలుగింతలు పొడవైనట్లు! ఆకాశమున అనేక చోట్ల వలయములు ఒకదానినొకటి నిక్కచ్చిగా ఖండించుకొనును.

ఆ యంత్రమునకు ఎంపికయైన చోటు మహారాష్ట్రమున హింగోలి జిల్లాలోని ఔంఢా నాగనాథ్ ప్రాంతము. తిమ్మాజిపేటకు దానితో గల చుట్టరికము ఇదియే. 1956 వరకు హింగోలి హైదరాబాదు రాజ్యములోనిది. పర్భణీ జిల్లాలో నుండెడిది. పాలమూరు పల్లెలును, ఆ పల్లెలును ఒకే దర్బారునకు శిస్తు కట్టినవి. ఒకే తీరు దస్త్రములలో చేలకు నంబర్లు పడినవి. 2016 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ఈ పనికి సూత్రప్రాయముగా అంగీకరించినది. 2023 ఏప్రిల్‌లో 2600 కోట్ల రూపాయలు మంజూరైనవి. 2030 ప్రాంతమునకు సిద్ధము కావలెనని నాటి అంచనా. అంగీకారమునకును మంజూరునకును నడుమ ఏడేండ్లు గడచినవి. ఆ ఏడేండ్లలో ఎన్ని అలలు చోటు తెలియకయే దాటిపోయినవో ఆలోచింపవలెను. దాటిన అల మరల రాదు.

ఔంఢాలోని శివాలయమును మరాఠీ భక్తులు జ్యోతిర్లింగములలో నొకటిగా కొలుతురు. ఆ గుడిని గూర్చి వారొక కథ చెప్పుకొందురు. నామదేవుడు గుడి ముందర కీర్తన చేయుచుండగా పూజారులు ఆయనను వెనుకకు పంపివేసిరి. ఆయన వెనుక నిలిచి పాడగా, పాట వచ్చిన దిక్కునకు గుడియే తిరిగెనట! చప్పుడు వచ్చిన దిక్కును ఎరిగి అటు మరలుట ఆ ఊరికి క్రొత్త కాదని చెప్పవలెను.

దీనివలన పల్లెకేమి లాభమని అడుగువారుందురు. అడుగుట న్యాయమే. ఈ యంత్రము పాలమూరు చెరువులలోనికి ఒక కడవెడు నీరు తేజాలదు. నిజము దాచుటవలన ప్రయోజనము లేదు. కాని పాలమూరు కూలీ దేశమున ఎన్నో ఆనకట్టలకు రాళ్లెత్తెను. ఆ ఆనకట్టల లెక్కలు మాత్రము వేరెవరో వేసిరి. నాలుగు కిలోమీటర్ల గొట్టములు వెలయునప్పుడు సైతము మన వంతు తట్ట మోయుటయేనా? ఆ గొట్టముల ముందు కూర్చుండి, వచ్చినది ఏనుగా, మునికుమారుడా అని విచారించు లెక్క మన పిల్లలు వేయవలదా? ఆ లెక్కకు కావలసినవి త్రికోణమితి, కలనగణితము, ఓర్పు. ఈ మూడింటికిని మొదటి మెట్టు పుస్తకము. ఔంఢా యంత్రము మొదటి అలను విను నాటికి నేడు ఈ బల్లల చుట్టు కూర్చుండు పదేండ్ల పిల్లలు కళాశాలలలో నుందురు. కాలము మించలేదు.

దశరథునకు గురి కలదు, నిదానము లేకపోయినది. వినిన వెంటనే విడువక, ఇంకొక చెవితో విని, ఇంకొక కథ కూడ సాధ్యమేమో ఆలోచించి యున్నచో ఆ రాత్రి సరయూ తీరమున పాపము జరిగి యుండెడిది కాదు. శాస్త్రము నేర్పునది ఆ నిదానమే. పురాణములున్న బీరువా ప్రక్కన గణిత గ్రంథముల బీరువా ఒకటి వెలసిన, రజతోత్సవము జరుపుకొనిన ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి తన పాఠకులలో ఒకనిచేత ఈ విషయమును మరల, నేటికన్న బాగుగా, వినగలదు.

స్వస్తి.